భయ్యా జబ్బకు కట్టిన వెండి బిళ్ళ

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి ఫోన్ తెచ్చి నా కళ్ళ ముందు పెట్టి, దీన్ని ఎక్కడైనా చూసినట్టుందా అని అడిగింది. నీలం మఖమల్ పరిచిన డబ్బాలో అద్దంలా మెరిసే పెద్ద వెండి నాణెం, దాని పక్కన ఒకదానికంటే ఒకటి చిన్నవైన మూడు మామూలు నాణేలు, పైన విప్పని సీలు, కింద వేలంపాటలో పలికిన ధర. మన అల్మారాలో ఉన్నది ఇదే కదా అని ఆ పిల్ల సంబరపడుతుంటే, కళ్ళజోడు వెతుక్కునే వంకతో లోపలికి వెళ్ళి మంచం మీద కాసేపు కూర్చుండిపోయాను. ధర చూసి కాదు. ఆ నాణెం అంత తెల్లగా ఉంటుందన్న సంగతే నేను మరిచిపోయాను, అందుకు.

ఎనభైల్లో గోదావరిఖనిలో పెరిగిన నా ఈడువాళ్ళకు తెలుసు, సైరన్‌ను బట్టే పొయ్యి వెలిగేది, సైరన్‌ను బట్టే పిల్లలు బడికి కదిలేవాళ్ళు, ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో ఎవరినీ అడగనక్కర్లేదు. మా అబ్బా బొగ్గుబాయిలో టింబర్ పని చేసేవాడు, అంటే భూమి లోపల పైకప్పు కిందికి దిగకుండా దుంగలు నిలబెట్టే పని. రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో అబ్బా, అమ్మీ, భయ్యా, నేను. ఇంట్లో మేము దక్కనీ మాట్లాడుకుంటాం గాని, నేను బడిలో చదివింది తెలుగు కనుక, నా నవ్వయినా ఏడుపయినా కాగితం మీదికి వచ్చేసరికి తెలుగే అవుతుంది. అందుకే ఇక్కడ మావాళ్ళ మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

భయ్యా నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. చౌరస్తా దగ్గర ఒక రేడియో రిపేరు దుకాణంలో పని నేర్చుకుని అక్కడే కుదురుకున్నాడు. ఆ రోజుల్లో కుర్రాళ్ళకు సినిమా పిచ్చో, పావురాల పిచ్చో ఉండేది. మావాడికి నాణేల పిచ్చి పట్టింది. పాత కాలపు రాగి బిళ్ళలంటే కాదు, వాటి ముఖం చూసేవాడు కాదు; ఏదైనా విశేషమైన సందర్భానికి ప్రభుత్వం కొట్టించే కొత్త వెండి నాణేలు, బజార్లో ఎప్పటికీ చెలామణి కాని నాణేలు, వాటి మీద మనసు. ముందుగా పైకం కట్టి పేరు రాయించుకున్నవాళ్ళకే టంకశాల అవి కొట్టి పంపేదట. భయ్యా రెండు పండుగలకు కొత్త బట్టలు మానుకుని మనియార్డర్ చేశాడు. పోస్టుమన్ కనబడితే చాలు గుమ్మంలోకి పరుగు, ఆయన తల అడ్డంగా ఊపితే అన్నం సయించదు, ఇలా ఏడాది పైనే గడిచింది. పెళ్ళిచూపుల కబురు కోసం కూడా ఎవడూ ఇట్లా ఎదురుచూడడని అబ్బా నవ్వేవాడు.

చివరికి రిజిస్టరు పార్సిల్‌లో ఆ డబ్బా వచ్చింది. దాన్ని పట్టుకునే ముందు వాడు సబ్బుతో చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, మళ్ళీ ఊదుకునేవాడు. నమాజుకు వజూ అయినా ఇంత శ్రద్ధగా చేయవు కదరా అని అమ్మీ సణిగేది. నన్నొక్కదాన్నే దగ్గర కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పేవాడు: పెద్దది నూరు రూపాయల నాణెం, అందులో వెండి సగమే, అసలు విలువ వెండిది కాదు, ఆ యేడు పేరు రాయించుకున్నవాళ్ళు చాలా తక్కువట, ఎందరు రాయించుకుంటే అన్నే కొడతారు, మళ్ళీ ఎన్నటికీ కొట్టరు. సీలు విప్పకుండా, వేలు తగలకుండా ఉంచితే ఏళ్ళు గడిచేకొద్దీ వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు అమ్మి సొంత దుకాణానికి అడ్వాన్సు కడతాను, దుకాణం పేరు మాత్రం నువ్వే పెట్టాలి అనేవాడు. నేను ఇంటర్ చదువుతున్నానన్న గర్వంతో రోజుకొక పేరు చెప్పి, మర్నాడు అదే నాకు నచ్చక మార్చేదాన్ని.

అంతలో అబ్బాకు ఊపిరి ఆడడం కష్టమయింది. నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. దవాఖానలో పరీక్షలు చేసి ఇక బాయి దిగరాదని తేల్చారు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఆ నౌకరీ వచ్చేది కదా, బొగ్గు ఊళ్ళలో అదొక వరం. ఆ వరం కోసం తిరిగే కుటుంబాలు ఎన్నో, మాకు అడగకుండానే వచ్చింది. భయ్యాకు బాయి అంటే భయం. చిన్నప్పుడు అబ్బా డ్యూటీ నుంచి వచ్చేదాకా నిద్రపోయేవాడు కాడని అమ్మీయే చెప్పేది. కానీ ఇల్లు గడవాలి, క్వార్టర్ నిలవాలి, అబ్బా మందులు రావాలి. రేడియో దుకాణం యజమానికి చెప్పి వచ్చి, కొన్నేళ్ళు చేస్తాను, తర్వాత చూద్దాం అన్నాడు. ‘తర్వాత’ అన్న ఆ మాటలో ఆ నీలం డబ్బా ఉందని నాకొక్కదానికే తెలుసు.

మాలో ఎవరైనా ప్రయాణం వెళ్తుంటే కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కడతారు. ఆకుపచ్చ గుడ్డలో నాణెం పెట్టి కుట్టి, దువా చదివి కట్టడం. క్షేమంగా చేరాక ఆ నాణెం విప్పి బీదవాళ్ళకు దానం ఇచ్చేయడం. మా ఇంట్లో అది వెండిదే కావాలని పట్టింపు. అమ్మీకి పుట్టింటివాళ్ళిచ్చిన పాత వెండి రూపాయి అబ్బా జబ్బు నాడే అమ్ముడుపోయింది. భయ్యా మొదటి షిఫ్టుకు వెళ్ళే ఉదయం అమ్మీ అందరికంటే ముందు లేచింది. ఇంట్లో ఉన్న వెండి అంతా ఆ డబ్బాలోదే. ఇంతవరకు ఏ చెయ్యీ ముట్టనిది, ఏ బేరంలోనూ మారనిది, దానికంటే పాక్, అంటే పవిత్రమైనది, ఏముంటుందని ఆ తల్లి అనుకుంది. కత్తెరతో సీలు కోసి, పెద్ద నాణెం తీసి, దాన్ని కొంగుతో తళతళలాడేలా రుద్ది, గుడ్డలో పెట్టి కుట్టేసింది.

స్నానం చేసి వచ్చిన భయ్యా అల్మారాలో తెరిచి ఉన్న డబ్బాను చూశాడు. వాడు చూడడం నేను చూశాను. నోరు తెరవబోయిన నన్ను కంటితోనే ఆపాడు. మూడు చిన్న నాణేల పక్కన ఖాళీగా ఉన్న గుంటను కాసేపు చూసి, మూత వేసి, దాన్ని తన బట్టల కిందికి తోశాడు. తర్వాత అమ్మీ ముందుకు వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి జబ్బ చాపాడు. ఆమె గుడ్డ చుట్టి ముడి వేయసాగింది.

"గట్టిగ కట్టు అమ్మీ, జారుతది," అన్నాడు.

అంతే అన్నాడు. పక్క క్వార్టర్ అవ్వ, కాసిపేట వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, తన దేవుడి దగ్గరి పసుపు తెచ్చి వాడి నుదుట రుద్దింది. ఆకుపచ్చ గుడ్డతో, పచ్చని నుదుటితో మా భయ్యా బాయికి వెళ్ళాడు.

అబ్బాతో పనిచేసిన ఒక కాక వాణ్ణి తన జట్టులోకి తీసుకున్నాడు. ఆయన డ్యూటీ దిగి మా అరుగు మీద చాయ్ తాగుతూ, "సాయబు పిల్లగాడు జబ్బకు బ్యాంకు కట్టుకొచ్చిండని మావోళ్ళు ఒక్కటే నగుడు," అని చెబితే భయ్యా కూడా నవ్వేవాడు. ఆ నాణెం దానం ఇచ్చే సంగతి మాత్రం తెగలేదు. మొదటి రోజు వాడు క్షేమంగా తిరిగి రాగానే ఇచ్చేయాల్సిందే. అవ్వ అడిగింది కూడా: "పైకి వచ్చిండు గద బిడ్డా, ఇచ్చెయ్యరాదు గా బిల్ల?"

"వచ్చిండు అవ్వా, మల్ల రేపు పోతడు గద. పోవుడు బందయిన నాడు ఇస్త," అంది అమ్మీ.

ఎవరి లెక్క వాళ్ళది. రైలు ప్రయాణానికి చివరి స్టేషను ఉంటుంది గాని షిఫ్టుకు ఏముంటుంది? వాడికి భూమి పైన, వర్క్‌షాపులో డ్యూటీ వచ్చిన రోజున ప్రయాణం పూర్తయినట్టని ఆమె తీర్పు చెప్పుకుంది. రేడియోలు బాగుచేసిన చేతులు కదా, వర్క్‌షాపుకు మార్చమని భయ్యా దరఖాస్తు పెట్టుకునే ఉన్నాడు. ఇలా రెండేళ్ళకు పైగా ఆ నాణెం వాడి జబ్బ మీదే చెమట తాగింది, బొగ్గుపొడి తిన్నది. గురువారం గురువారం అమ్మీ గుడ్డ మార్చేది. మార్చినప్పుడల్లా నాణెం ఇంకొంచెం నల్లబడి బయటికొచ్చేది, ఆమె చింతపండు పెట్టి తోమేది, భయ్యా పేపరు చదువుకుంటున్నట్టు ముఖం పక్కకు పెట్టుకునేవాడు. దుకాణానికి ఏం పేరు పెడదామని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు రెండో షిఫ్టులో బాయి పైకప్పు కూలింది. దాన్ని గురించి నేను ఎక్కువ రాయలేను. బాయి ముందు ఆడవాళ్ళందరం నిలబడి ఉన్నాం, ఎవరి మనిషి పేరు వస్తుందోనని. అవ్వ మా అమ్మీ చెయ్యి వదలలేదు. కాక నడుచుకుంటూ మా వైపే వస్తున్నప్పుడు, ఇంకెవరి వైపో తిరుగుతాడని నేను కోరుకున్నాను. అది పాపమే, అయినా అక్కడ నిలబడ్డ ప్రతి ఆడదీ అదే కోరుకుంది. ఆయన భయ్యా వాచీ, ఆ గుడ్డ ముడి మా వెనక నిలబడ్డ అబ్బా చేతిలో పెట్టి నేల మీద కూర్చుండిపోయాడు.

నలభై రోజుల ఫాతిహా అయ్యాక అమ్మీ మసీదు హజ్రత్‌ను అడిగించింది, ఇక ఈ నాణేన్ని ఏం చేయాలని. వాడి పేరున బీదవాళ్ళకు ఇచ్చేయండి, ఆ సవాబు, ఆ పుణ్యం వాడికి చేరుతుంది అన్నారాయన. ఇవ్వడానికి ఆమె చెయ్యి రాలేదు. వాడి ఒంటిని చివరిదాకా అంటిపెట్టుకున్నది అదొక్కటే. దాని ఖరీదు ఎంతో అంత దానం చేసి, నాణేన్ని ఉంచుకుంటానంది. ఖరీదు తెలియాలి కనుక అబ్బా, అమ్మీ, నేను డబ్బా పట్టుకుని హైదరాబాదు వెళ్ళాం. పాతబస్తీలో నాణేల వ్యాపారి ఒక పెద్దాయన భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది వెండి ధరకే పోతది, అది గూడ సగమే వెండి. సీలు ఎవరు తీసిండ్రమ్మా? తియ్యకుంటె నేనే ఎదురొచ్చి కొందును. ఇది దొరుకుడు కష్టం. ఒక్కటి తీసిండ్రు, సెట్టంత ఖరాబయింది," అన్నాడు. సీలుతో ఉంటే ఎంతో కూడా చెప్పాడు. అబ్బా కింద పెట్టబోయిన చాయ్ గ్లాసును అలాగే పట్టుకుండిపోయాడు.

అమ్మీ ధర సంగతి అడగలేదు. ఈ సంగతి, దీన్ని తెప్పించుకున్న పిల్లవాడికి తెలిసి ఉంటుందా అని అడిగింది.

"తెల్వకుంటెట్లమ్మా. తెప్పించుకున్నదే అందుకు."

ఆమె నా వైపు తిరిగింది. నా ముఖంలో ఏం కనబడిందో, మరి నన్నేమీ అడగలేదు. "గట్టిగ కట్టమన్నడు," అంది. మళ్ళీ కాసేపటికి, "జారుతది, గట్టిగ కట్టు అన్నడు," అంది. ఆ దుకాణంలోనే, పరాయి మగవాళ్ళ మధ్య, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాయి ముందు కూడా ఆమె అలా ఏడవలేదు. కొడుకు బయటపడే దారిని తన కత్తెరతోనే కోసి, దాన్నే వాడి జబ్బకు కట్టి లోపలికి పంపానని ఆమెకు అక్కడ తెలిసింది. తెలిసీ వాడు చెయ్యి చాపాడని కూడా అక్కడే తెలిసింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కోసిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

దానం వెండి ధరకు చేస్తే సరిపోతుందని అబ్బా ఎంత చెప్పినా వినలేదు. సీలుతో ఉన్నప్పటి ధరే ఇస్తానంది. కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు, లంగాలు కుట్టి, కూడబెట్టినప్పుడల్లా మసీదు దగ్గర పిల్లలకు అన్నం పెట్టించేది, పుస్తకాలు కొనిచ్చేది. పోనీ, అది ఎప్పటికైనా తీరేదేనా? అరుదైన వస్తువు ధర ఒకచోట నిలవదు. హైదరాబాదు వెళ్ళే చుట్టాలెవరు కనబడినా ఆ వ్యాపారిని అడిగి రమ్మనేది, ప్రతిసారీ కొంచెం పెరిగే ఉండేది, మళ్ళీ మిషన్ ముందు కూర్చునేది. అబ్బా పోయాడు, నాకు నౌకరీ వచ్చింది, పెళ్ళయింది, మిషన్ చప్పుడు మాత్రం ఆగలేదు.

తొంభైల చివర ఆమె దవాఖానలో పడి ఉన్నప్పుడు, ఇప్పుడెంతయిందట అని అడిగింది. నేను విన్న ధర చెప్పాను, మునుపటికి రెండింతలు. ఇంకెక్కడి దానం, ఇక చాలించమని బతిమాలబోతున్నాను. ఆమె ముఖం విప్పారింది. ఎన్నో ఏళ్ళ తర్వాత చూశాను ఆ ముఖాన్ని.

"చూసినవా బిడ్డా," అంది, "వాడు చెప్పినట్టే అయింది. వానికి తెలుసు."

ఆమెకు ఆ సంగతి నేనే ఎప్పుడో చెప్పాను, ఏళ్ళు గడిచేకొద్దీ వెతుక్కుంటూ వస్తారని భయ్యా అన్నట్టు. కొడుకు లెక్క తప్పలేదన్న గర్వంతో ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. వారం తిరక్కుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో దిగుడు బాయిలు చాలా మూతబడ్డాయి. పెద్ద పెద్ద యంత్రాలు ఆకాశం కిందే బొగ్గు తవ్వుతున్నాయి, నేలకంటే ఎత్తుగా మట్టిగుట్టలు లేచాయి. మా క్వార్టర్ల వరుస ఎక్కడుండేదో నేనే పోల్చుకోలేను. ఏ వస్తువు ఎంత చేస్తుందో బొటనవేలితో తెలిసిపోతోంది, దానికోసం చుట్టాలను బతిమాలనక్కర్లేదు. జబ్బకు గుడ్డ కట్టించుకుని ప్రయాణమయ్యే పిల్లలూ లేరు. మా చిన్నమ్మాయి హైదరాబాదులో బస్సు దిగీ దిగకముందే, చేరానమ్మా అని ఫోన్‌లో రెండు ముక్కలు పంపుతుంది, నేను పొయ్యి కట్టేసి పడుకుంటాను. మొన్న వెళ్తూ వెళ్తూ, ఆ నాణేన్ని అలా నల్లగా ఎందుకు పెట్టుకున్నావు, అమ్మకూడదంటే అమ్మమ్మ మొక్కు ప్రకారం ఎవరికైనా ఇచ్చెయ్యరాదా అని అడిగింది. ఇవ్వచ్చు. వెళ్ళినవాడు క్షేమంగా చేరినట్టు కబురు అందాక ఇవ్వాల్సిన నాణెం అది. మాకు ఇంకా ఆ కబురు అందలేదు.