సెట్ బాబాయి పెట్టిన కిటికీ

మా బాబాయికి ఒక్క మాట దొరికితే చాలు, బతుకంతా దాంతోనే లాగించేస్తాడు. ఆ మాట 'సెట్'. నాటకాలకి స్టేజీ మీద ఇళ్ళూ కోటలూ కట్టి, ఆట అవగానే పీకేయడం ఆయన పని. అక్కడ పట్టుకున్న మాటని ఇంటిదాకా వెంటబెట్టుకొచ్చాడు మహానుభావుడు.

జిగురు ఆరితే సెట్ అయినట్టు. కొత్త చెప్పులు కరిస్తే సెట్ కానట్టు. పిన్ని అలిగితే అప్‌సెట్. ఆ అలక తీర్చే పని మా అమ్మ నెత్తిన పడేసి, "వదినా, కాస్త సెటిల్ చేసిపెట్టవా!" అంటూ తలుపు చాటున నక్కేవాడు.

ఒకసారి మామ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఒరేయ్, నా సెట్ ఏదిరా?"

బాబాయి పరుగున వెళ్ళి టీకప్పులు తెచ్చాడు.

"ఇవెందుకురా నా మొహానికి? పళ్ళ సెట్!"

"ఏ సెట్టో చెప్పాలి కదమ్మా!"

ఆ తరవాత మామ్మ తిట్టిన తిట్లు పళ్ళు లేక సగం గాలికే పోయాయి. బాబాయి బతికిపోయాడు.

ఇక మా అక్క. నాటకమంటే ప్రాణం. బాబాయి షెడ్డులో చెక్క చిత్రిక పడుతుంటే, పక్కనే నిలబడి గడగడా మాటలు అప్పజెప్పేది. హాల్లో జనాన్ని చూస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. ఒకసారి అలాగే బిగుసుకుపోతే తెర దించేశారు. "ఈసారీ ఇంతే అయితే, ఇంక నీకు వేషం ఇవ్వనమ్మా" అని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు. ఇచ్చిన వేషం నేలమాళిగలో బందీ అయిన రాకుమారిది. తెర లేవగానే ఒక్కత్తే నిలబడి తన కథంతా చెప్పుకోవాలి.

ఆట రోజు పొద్దున్న సెట్ చూసి డైరెక్టరు గుండె పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నేలమాళిగకి కిటికీ ఏమిటి?"

"గాలాడద్దూ సార్?"

"కిటికీ ఉంటే ఆ పిల్ల అంతసేపు ఎందుకయ్యా ఏడవడం? దూకి పోదూ?"

"ఊచలు పెట్టాను కద సార్. సెట్ అవుతుంది."

"పీకెయ్!"

"జిగురు సెట్ అయిపోయింది సార్. ఇప్పుడు పీకితే గోడంతా వచ్చేస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కకిది ఆఖరి అవకాశమైతే, ఈయనకి గాలి గోల!

తెర లేచింది. అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. డైరెక్టరు తెర తాడు అందుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు కిటికీ ఊచల వెనక ఒక తలకాయ లేచింది. నెత్తిన సైనికుడి టోపీ.

"ఏమ్మా, ఏమైనా తిన్నావా?"

అక్క గిరుక్కున తిరిగింది. "లేదు బాబాయ్" అంది రాకుమారి.

హాలంతా గొల్లుమంది.

"ఎందుకు తినలేదూ?"

"భయంగా ఉంది."

"అయితే వాళ్ళకేసి చూడకు. నాతో చెప్పు. ఇక్కడికి నిన్ను తెచ్చి పడేసిందెవరు?"

అక్క చెప్పింది. ముందు గొణిగింది, తరవాత గొంతు పెంచింది, షెడ్డులో చెప్పినట్టే మొత్తం చెప్పేసింది. ఆఖరి మాటకొచ్చేసరికి జనం వైపు తిరిగి నిలబడింది. చప్పట్లకి హాలు అదిరిపోయింది. అప్పటికి కిటికీలో ఎవరూ లేరు.

"ముందే చెబితే నీ సొమ్మేం పోయింది బాబాయ్? అనవసరంగా తిట్టుకున్నాను" అన్నాను, ఆట అయ్యాక.

"చెబితే మీ అక్క ఆ కిటికీకేసే చూస్తూ కూచుంటుందిరా. దానంతట అదే మాట్లాడితే నాతో పనేముంది?"

ఇంతలో అక్క వచ్చి ఆయన్ని గట్టిగా వాటేసుకుంది. "బాబాయ్, రేపట్నించి కిటికీ మూసెయ్యి. ఇంక నేను మాట్లాడగలను."

బాబాయి మొహం ముడుచుకుపోయింది. జేబులోంచి మెల్లగా ఒక పెట్టుడు మీసం తీశాడు.

"రేపటి ఆటకని ఇది కూడా తెచ్చుకున్నానే..."

అక్క ఆ మీసాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"సరే, కిటికీ ఉంచు. కానీ నోరు మెదిపావో, ఊరుకోను!"

ఆ నాటకం ఎన్నిసార్లు ఆడినా ఆ నేలమాళిగకి కిటికీ ఉండేది. అందులో మీసాల సైనికుడొకడు, మూతి బిగించి, మెరిసిపోతూ కాపలా కాసేవాడు.