మా అత్త ఓడిపోవాలనుకున్న పోటీ

మొన్న తొలకరిలో ఒక పెళ్లికి తాండూరు వెళ్తూ, వికారాబాద్ దాటిన తరువాత కారు ఆపించాను. ఈ వయసులో నేను కారు ఆపమంటే రెండే కారణాలుంటాయని మా డ్రైవరు నమ్మకం. ఒకటి మోకాళ్లు, రెండోది పైకి చెప్పడానికి అతనికి మొహమాటం. ఈసారి రెండూ కాదు. రోడ్డు పక్క రేగడి చేనులో ట్రాక్టరు విత్తుకుంటూ పోతోంది. దాని వెనక అడ్డంగా పొడుగాటి ఇనుప పెట్టె, ఆ పెట్టె నిండా గింజలు. నడిపే కుర్రాడు చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వెనక ఎవరూ నడవడం లేదు. తడిసిన నల్లమట్టి వాసన వచ్చింది, దానితోపాటు మా మేనత్త మీద బెంగ వచ్చింది. ఆమె పోయి ఇన్నేళ్లయినా, ఆ నిమిషాన ఆమెను చూడాలని ఎంతగా అనిపించిందంటే, పెళ్లింట్లో కనిపించిన ప్రతివాళ్లూ నాకు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

ఆమె మా నాయనకు ఒక్కతే అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే మా నాయన బండి కట్టుకుని వెళ్లి ఇంటికి తీసుకొచ్చాడట. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంటి మనిషి. మా ఊరు తాండూరు నుంచి బషీరాబాద్ పోయే దారిలో ఉండేది. అక్కడ సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగేది, తిట్టుకోవలసి వస్తే ఉర్దూ ఉండనే ఉంది. ఇంటి ముందు పరిచినవి నీలం నాపరాళ్లు. ఎండాకాలం సాయంత్రం వాటి మీద నీళ్లు చల్లి, ఆవిరి పోయాక అత్త నడుము వాల్చేది. ఆమె సుఖమంతా అంతే. మిగతా పొద్దంతా పనే.

విత్తే రోజుల్లో మా ఇంట్లో అత్తే పెద్ద. అప్పట్లో విత్తే గొర్రును ఎద్దులు లాగేవి. దాని నడిమధ్య ఒక చెక్క గిన్నె, ఆ గిన్నె అడుగున రంధ్రాలు, రంధ్రాల నుంచి మట్టిలోకి దిగే వెదురు గొట్టాలు ఉండేవి. ఒడిలో గింజలు పోసుకుని, గొర్రు వెంట వంగి నడుస్తూ, పిడికిట్లోంచి గిన్నెలోకి గింజ జారవిడవాలి. ఎక్కువ పడితే మొలకలు గుంపవుతాయి, తక్కువ పడితే సాలు బోసిపోతుంది. ఎద్దులు ఆగవు కాబట్టి మనిషీ ఆగకూడదు. మొదటి పిడికెడు మాత్రం మా అమ్మ వేసేది. భర్త లేని మనిషి విత్తు మొదలుపెట్టకూడదని మా ఆచారం. అమ్మ కుంకుమ పెట్టుకుని వచ్చి ఒక పిడికెడు వేసి ఇంటికి వెళ్లిపోయేది, మిగిలిన చేనంతా చీకటి పడేదాకా అత్త వేసేది. మంగళానికి పనికిరాని చెయ్యి పనికి ఎట్లా పనికొచ్చిందో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో, మా చేనుకు ఒక వ్యవసాయం ఆఫీసరు వచ్చాడు. కృష్ణా వైపు కుర్రవాడు, వికారాబాద్‌లో ఉద్యోగం, తాండూరు దాకా రైలు, అక్కణ్నుంచి మా బండి. ఆయన దేన్నయినా కొలవకుండా వదిలేవాడు కాదు. చేను కొలిచాడు, సాలు లోతు కొలిచాడు, ఎద్దుల అడుగు కూడా కొలవబోతే ఎడమ ఎద్దు ఒప్పుకోలేదు. ఊళ్లో అందరూ ఆయన్ను కొలతల సారు అనేవారు. మా అమ్మ పెట్టిన జొన్నరొట్టె చేత్తో పట్టుకుని, ఎటునుంచి మొదలుపెట్టాలా అన్నట్టు దానికేసి చూసినప్పుడు, ఇదీ కొలుస్తాడేమోనని నేను లోపలికి పోయి నవ్వుకున్నాను. ఆయన వెంట వచ్చిందే డబ్బా గొర్రు. ఇనుప చట్రం, పైన రేకు పెట్టె, పక్కన చక్రం. ఎద్దులు లాగితే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే పెట్టెలోంచి గింజ దానంతట అదే జారుతుంది. వెనక మనిషి అక్కరలేదు. అది మన నేలలో మన గొర్రుకంటే ఎక్కువ పండిస్తుందా లేదా చూసి ఆయన పై అధికారులకు రాయాలి. పండిస్తుందని తేలితే ఆ యంత్రం మా ఊళ్లోనే ఉంటుంది, లేదంటే వెనక్కి పోతుంది.

సారు చేను నడుమ రాళ్లు పాతించి రెండు సగాలు చేశాడు. ఒక సగం డబ్బా గొర్రుకు, ఒక సగం మా అత్త చేతికి. "రెండు వైపులా ఎరువు, దున్నకం, కలుపు అన్నీ ఒకేలా ఉండాలండీ. తేడా ఒక్క విత్తడంలోనే ఉండాలి" అని మా నాయనకు మరీ మరీ చెప్పాడు. "జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాడు నాయన. సారు రైలెక్కి వెళ్లిపోయాడు.

అప్పటికి నేను పెళ్లీడుకొచ్చిన పిల్లను. సాయంత్రాలు ఆముదం కాచి అత్త నడుముకు రాసే పని నాది. ఆమె వెన్ను కింది భాగంలో చెయ్యి వేస్తే చాలు, మూలిగేది. ఆ రోజు రాస్తుంటే, వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని నెమ్మదిగా అంది: "గా డబ్బ గెలవాలె బిడ్డా. అది గెలిస్తె నేను గట్టు మీద కూసుంట. ఒక్క విత్తు, నడవకుండ, కూసోని సూడాలని ఉన్నది."

నాయనకు చెప్పవచ్చు కదా అన్నాను. "నీ నాయన మంచోడు. కూసో అక్కా అంటడు. గని నేనెట్ల అంట? పని జేయకుండ తమ్ముని ఇంట్ల బుక్క పెట్టుకుంటె నాకు గొంతు దిగుతదా? మిషిను గెలిచిందనుకో, అప్పుడు నేను మానుకున్నట్టు గాదు. నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు" అంది. నాతో ఒట్టు వేయించుకుంది. అందుకని ఊరందరూ ఆ పోటీలో మా అత్త గెలవాలని చూస్తుంటే, అత్తా నేనూ మాత్రం డబ్బా వైపు ఉన్నాం.

ఆ తరువాత జరిగింది మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. వానలకు ముందు కన్నడం దిక్కు నుంచి గొర్రెల కాపరులు మందలు తోలుకుని వచ్చేవారు. మందను కొన్నాళ్లు చేనులో నిలబెడితే దాన్ని మించిన ఎరువు లేదు. ఒక పొద్దున మేం వెళ్లి చూస్తే అత్త సగంలో ఇసుక వేస్తే రాలనంత మంద. ఇంటికొచ్చి అత్త తమ్ముణ్ని అడిగింది: "గీ మంద ఎందుకు తమ్మీ? సారు ఒక్క తీరుగ ఉండాలన్నడు గద."

"నువ్వు ఊకో అక్కా. ఇనుప డబ్బతోని నువ్వు ఓడిపోతె నేను సూస్తనా?" అన్నాడు నాయన. అక్క మీద ఆయనకున్న ప్రేమ అటువంటిది. అత్త మొహం వాడిపోయింది. కానీ రెండు రోజులు తిరగకుండానే, మా అమ్మ జీతగాణ్ని పిలిచి దొడ్లో కుప్పపోసిన పశువుల పెంటంతా బండ్లకెత్తించి సారు సగంలో పోయించింది. ఎందుకమ్మా అంటే, "ఇంటికొచ్చిన మనిషి. ఆయన పంట మన చేన్ల తక్కువ పండితె ఇజ్జత్ ఎవరిది పోతది?" అంది. అమ్మ చేసింది నాయనకు తెలుసు, నాయన చేసింది అమ్మకు తెలుసు. ఇద్దరికీ అందులో తప్పేమీ కనబడలేదు. అత్త మాత్రం లోలోపల తేరుకుని, "మీ అమ్మ సల్లగుండ, డబ్బను ఆదుకున్నది" అని నా చెవిలో నవ్వింది.

వాన పడింది. ఎరువంతా మట్టిలో కలిసిపోయాక సారు వచ్చాడు. అటు డబ్బా గొర్రు గలగలమంటూ పోయింది, ఇటు అమ్మ మొదటి పిడికెడు వేసి వెళ్లాక అత్త ఒడి నింపుకుంది. పక్కన నడుస్తూ నేను గొణిగాను, చెయ్యి కొంచెం అటూ ఇటూ చెయ్యి అత్తా, ఎవరికి తెలుస్తుంది అని. అత్త గొర్రు మీంచి చూపు తిప్పకుండానే అంది: "గింజతోని దొంగతనం చేస్తనా బిడ్డా? నాతోని గాదు." ఆ ఏడాది కూడా ఎప్పట్లాగే విత్తింది. ఓడిపోవాలని అంత కోరుకున్న మనిషి ఒక్క గింజ తప్పు వేయలేకపోయింది. చెయ్యి ఆమె మాట వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ముద్దూ వచ్చింది.

జొన్న రెండు వైపులా ఎంత ఏపుగా పెరిగిందో చెబితే గొప్పలనుకుంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకుని చూడటానికి వచ్చారు. సారు వచ్చిన ప్రతిసారీ కొలిచి, మురిసి, రైలెక్కేవాడు. కల్లంలో రెండు కుప్పలూ తూచారు. దాదాపు ఒక్కటే. పక్క చేలలో మాత్రం అందులో సగం కూడా లేదు. సారు మురిపెం అక్కడ ఆగింది. తక్కెడ పక్కన నిలబడి మా కుప్పలనూ పక్క చేలనూ మార్చి మార్చి చూసి, "మీరేమైనా వేశారా అండీ?" అని అడిగాడు.

నాయనకు అబద్ధం రాదు. "మా అక్క దిక్కు జర మంద పెట్టిచ్చిన సార్" అన్నాడు. చాట పట్టుకుని అక్కడే ఉన్న అమ్మ, సారు చిన్నబుచ్చుకుంటాడని, "మీ దిక్కు నేను పెంట పోయించిన సారూ, మీకేం తక్కువ చెయ్యలె" అంది.

సారు ఒక బండ మీద కూలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాం. ఆయన మొదట నవ్వాడు, తరువాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఇది పరీక్షండీ. పెళ్లివారిలా రెండు వైపులకూ మర్యాద చేశారు. ఏది ఎరువు వల్ల పండిందో, ఏది విత్తడం వల్ల పండిందో ఇక దేవుడికే తెలియాలి" అన్నాడు. తేడా తేలలేదని పైకి రాయక తప్పలేదు ఆయనకు. ఇంకో ఏడాది చేద్దామని చెప్పి వెళ్లిన ఆయన్ను ఎక్కడికో బదిలీ చేశారు. డబ్బా గొర్రును బండికెత్తి తాండూరు స్టేషనుకు పంపించే రోజు, దాని రేకు పెట్టె మీద దుమ్మును అత్త కొంగుతో తుడిచింది. నాయన గర్వంగా, "సూసినవా అక్కా, నిన్ను గెలవలేకపోయింది" అన్నాడు. అత్త నవ్వి, "మంచిగ చేసినవ్ తమ్మీ" అంది. ఇంకేమంటుంది? ఆయన చేసింది ప్రేమతోనే కదా. మరుసటి తొలకరికి మళ్లీ ఒడి కట్టింది. ఆ తరువాతి తొలకరికీ కట్టింది.

పెద్దదాన్నయ్యాక ఒక సంగతి అర్థమైంది. ఆ చేనులో అందరూ పంటనే తూచారు. వెనక మనిషి లేకుండా చేను విత్తుకోగలిగామన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ పెట్టె విత్తిన రోజే గెలిచింది. అత్తకు కావలసింది ఆ గెలుపేనని మా ఇద్దరికే తెలుసు, ఇద్దరం నోరు విప్పలేదు.

నా పెళ్లయి నవాబుపేట వైపు కాపురానికి వెళ్లిపోయిన చాలా రోజులకు, మా నాయన తనే ఒక డబ్బా గొర్రు కొన్నాడు. అప్పటికి ఊళ్లో ఒక్కొక్కరే కొంటున్నారు. ఆ తొలకరికి నేను పుట్టింట్లో ఉన్నాను. అత్త నడుము అప్పటికే పూర్తిగా వంగి, మంచం దిగడమే కష్టంగా ఉంది. నాయన చేను నుంచి తడిసిన బట్టలతోనే వచ్చి ఆమె మంచం పక్కన నిలబడి, "అక్కా, చేనంత అయిపోయింది. ఇగ నీకు నడిచే పనే లేదు" అన్నాడు.

అత్త దిండు మీంచి తల ఎత్తబోయి, ఎత్తలేక, "అయితె నేను ఇగ కూసోవచ్చునా తమ్మీ?" అంది.

నాయన ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అడగబోయి, నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను. ఆయన తడిబట్టలతోనే మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అత్త ఆయన తల నిమురుతూ, సాళ్లు సక్కగ పడ్డయా అని అడిగింది. పడ్డయి అక్కా, పడ్డయి, అన్నాడు.

కాలం మారిందని, మంచికే మారిందని, నా ఈడువాళ్లందరం చెప్పుకుంటాం. నిజమే. అది ఇంకో నాలుగు వానాకాలాలు ముందు మారి ఉంటే, గట్టు మీద కూర్చుని విత్తు చూసే మా అత్తను నేను కళ్లారా చూసి ఉండేదాన్ని.