ఉప్పునీళ్లు పోసిన చోటు

ఉదయం ఆరుంపావుకి ట్రక్కు దిగాను. టెక్సస్ దక్షిణపు కొస. ఎదురుగా నది, నదికి అవతల మెక్సికో. నది అనగానే గోదావరిని ఊహించుకోకండి. వేసవిలో నడుం లోతు నీళ్లు, ఒడ్డు పొడుగునా మనిషికి రెండింతల ఎత్తు రెల్లు. తెల్లటి సుద్దమట్టి రోడ్డు. నడివేసవి మధ్యాహ్నాల్లో ఎండ నూట ఎనిమిది డిగ్రీలు, ఇక్కడి ఫారన్‌హీట్ లెక్కలో. ఒంటి మీద కవచం, హెల్మెట్, రేడియో, నీళ్ల సంచి, తుపాకీ, అన్నీ కలిపి నలభై పౌన్లు. రేకుల కప్పు కింద కూర్చున్న సార్జెంట్ నా కాగితం చూసి మూడు ప్రశ్నలు అడిగాడు.

"డ్రైవింగ్ వచ్చా?"

"వచ్చు, సార్జెంట్."

"గురి చూసి కాల్చడం?"

"వచ్చు, సార్జెంట్."

"గంటసేపు నోరు మూసుకుని నిలబడగలవా?"

"ప్రయత్నిస్తాను, సార్జెంట్."

"అయితే ఈ తొమ్మిది నెలలూ నువ్వు ఫాదర్‌గారి మనిషివి. పో."

మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగువాళ్ల ఇంట్లో పార్టీ జరిగినా అంకుల్స్ నన్ను అడిగేది ఒక్కటే. "ఏం బాబూ, బోర్డర్‌లో ఎవర్నైనా షూట్ చేశావా?" లేదంకుల్, ఒక గుడ్డ ఉతికాను అంటాను. నవ్వేసి పకోడీల వైపు వెళ్లిపోతారు. ఆ గుడ్డ సంగతేమిటని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను నెలకో వారాంతం కవాతు చేసే రిజర్వు సైనికుణ్ని. మిగతా రోజుల్లో కార్లకు బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీర్‌ని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. సరిహద్దు కాపలాకి పిలిచిన మా దళంలో ఫాదర్‌గారి సహాయకుడి పోస్టు ఖాళీగా ఉంటే, హిందువైనా ఫర్వాలేదని నన్ను వేశారు. సైన్యంలో మతగురువు ఆయుధం పట్టకూడదు. కాబట్టి ఆయన వెంట ఎప్పుడూ ఒక సాయుధుడు ఉండాలి. ఇద్దరికీ కలిపి ఒకే తుపాకీ, అది నాది. ఇద్దరికీ కలిపి ఒకే దేవుడు, ఆయన ఫాదర్‌గారి వాడు.

పని ఇదీ. నది వెంట ఏడు కాపలా పోస్టులు. రోజుకో పోస్టుకి ఆయన్ని డ్రైవ్ చేయాలి. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద తెల్ల నారబట్ట పరిచి, గిన్నె, పళ్లెం, శిలువ పెట్టాలి. ఆయన పూజ మొదలుపెట్టగానే నేను వీపు తిప్పి బయటికి చూస్తూ నిలబడాలి. తొమ్మిది నెలల్లో నూట ఎనభై పూజలు విన్నాను. చూడటం మాత్రం కుదిరేది కాదు.

గుడ్డలు ఉతకడం కూడా నా పనే. దానికి ఫాదర్ ఒక నియమం చెప్పారు. ఆ గుడ్డల మీద పూజలో వాడిన రొట్టె నలుసులు, ద్రాక్షరసం చుక్కలు ఉండొచ్చు. అందుకని మొదట జాడించిన నీళ్లు డ్రెయిన్‌లోకి పోకూడదు. ఎవరూ తొక్కని నేల మీద పొయ్యాలి. ఇది నాకు ఒక్కసారి చెబితే చాలింది. మా ఇంట్లో దేవుడికి అభిషేకం చేసిన నీళ్లు అమ్మ తులసికుండీలో పోస్తుంది కానీ సింకులో పొయ్యదు.

నాలుగో పోస్టు ఒక పెద్దావిడ పశువుల పొలంలో ఉండేది. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లు. ఒంటరిగా ఉండేది. అందరూ ఆవిణ్ని అబ్వేలా అనేవాళ్లు, అంటే అమ్మమ్మ. ఫాదర్‌తో వసారాలో కూర్చుని స్పానిష్‌లో మాట్లాడేది. నేను ఇరవై అడుగుల దూరంలో గేటు దగ్గర నిలబడేవాణ్ని. ఫాదర్‌తో ఎవరేం చెప్పుకున్నా నా చెవిన పడకూడదు, అదీ నియమమే. నాకేమో చిన్నప్పటి నుంచీ ఏదైనా తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. తిరుగు ప్రయాణంలో ఫాదర్‌ని పీక్కు తినేవాణ్ని.

"ఎవరి గురించి ఫాదర్, అంతసేపు?"

"వాళ్లమ్మ చిన్నాన్న గురించి. ఆయన కూడా ఫాదరే. అవతలి ఒడ్డున చంపేశారు."

"ఎవరు? స్మగ్లర్లా?"

"ప్రభుత్వం. వందేళ్ల కిందట."

అప్పుడు చెప్పారు. అవతల ప్రభుత్వానికీ చర్చికీ పెద్ద గొడవ నడిచింది. గుళ్లకు తాళాలు పడ్డాయి. దాక్కుని పూజ చేసిన ఫాదర్లను పట్టుకుని కాల్చారు. పల్లెల వాళ్లు తిరగబడ్డారు. రెండు వైపులా తుపాకులు పట్టారు, రెండు వైపులా ఘోరాలు జరిగాయి. ఈయన మాత్రం ఏ తుపాకీ పట్టలేదు. విశ్వాసం వదులుకోనందుకు చంపబడ్డవాణ్ని చర్చి హతసాక్షి అంటుంది. కానీ ఊరికే అనేయదు. కాగితాలు, సాక్ష్యాలు, విచారణ, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అబ్వేలా తల్లి దానికోసమే ఎదురుచూసి పోయింది. ఇప్పుడు అబ్వేలా ఎదురుచూస్తోంది.

నా బుర్రలో ఒకటే తిరిగేది. నది నడుం లోతు. ఇవతల అమెరికా. ఇవతలికి వచ్చేస్తే సరిపోయేది కదా? ఒకరోజు ఆవిడ కాఫీ ఇస్తుంటే ఉండబట్టలేక ఆవిణ్నే అడిగేశాను. ఆవిడకి ఇంగ్లిష్ బాగానే వచ్చు.

"వచ్చాడు కదా! ఇదే ఇంట్లో రెండు నెలలున్నాడు. అవతల ఒక బాలింత చావుబతుకుల్లో ఉంది, చివరి ప్రార్థనకి ఫాదర్ కావాలంటోందని కబురొచ్చింది. వెళ్లనన్నాడట. రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు పొద్దున్నే మా అమ్మని తోడు తీసుకుని నది దాటాడు. అమ్మకి అప్పుడు పన్నెండేళ్లు."

"భయం వెయ్యలేదా ఆయనకి?"

"అన్నం తినలేదని చెప్పాను కదా," అంది.

ఆగస్టులో ఒక బుధవారం. ఉదయం తొమ్మిదిన్నరకి ఆవిడ, ఫాదర్ వసారాలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎప్పటిలాగే నేను గేటు దగ్గర. తిరిగొచ్చేటప్పుడు ఫాదర్ చేతిలో పిండిసంచి గుడ్డలో చుట్టిన పొట్లం ఉంది. దాన్ని పూజపెట్టెలో పెట్టి, "రేపు అబ్వేలా కోసం పూజ. ఈ బట్ట పరవాలి. శనివారం బిషప్‌గారి ఆఫీసు నుంచి విచారణ ఫాదర్ వస్తున్నాడు," అన్నారు. ఇంకేదో చెప్పబోయారు. ఈలోగా రేడియో పలికింది.

"పోస్ట్ సిక్స్ నుంచి ఫాదర్‌కి. ఒకడికి వడదెబ్బ. మిమ్మల్ని అడుగుతున్నాడు. ఓవర్."

ఆయన అటు వెళ్లే సాయుధుల బండి ఎక్కేశారు. నేను బేస్‌కి వచ్చి పన్నెండింటికి పొట్లం విప్పాను. పసుపుపచ్చగా మారిన పాత నారబట్ట. మధ్యలో అరచేయంత గోధుమరంగు మరక. దేవుడి ముందు పరిచే బట్టని ఇలాగా ఉంచేది? మా అమ్మ వారానికొక్కసారే పూజ చేసినా మడిబట్ట ఉతికి ఆరేసిందే కడుతుంది. పాపం పెద్దావిడ, ఓపిక లేక వదిలేసి ఉంటుంది అనుకున్నాను. ద్రాక్షరసం మరక అని నా తెలివికి తోచింది. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ముప్పై ఏళ్లు హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది.

"ఏం మరకరా?"

"వైన్ అనుకుంటా. బాగా పాతది."

"కరెక్ట్‌గా తెలీనప్పుడు వేణ్నీళ్లు వాడకు నాన్నా, సెట్ అయిపోతుంది. చల్లనీళ్లలో ఉప్పేసి గంట సోక్ చేయి. ఆ మెషీన్లో మాత్రం పడెయ్యకు, పాత క్లాత్ చిరిగిపోతుంది. అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా."

మెస్ నుంచి ఉప్పు తెచ్చాను. బకెట్‌లో రెండు గుప్పెళ్లు. గంటలో నీళ్లు పల్చటి టీ రంగుకి తిరిగాయి. సంబరపడ్డాను. నియమం ప్రకారం ఆ మొదటి నీళ్లని టెంట్ల వెనక మెస్కీట్ చెట్టు మొదట్లో పోశాను. మెస్కీట్ అంటే మన సర్కారుతుమ్మకి దగ్గర చుట్టం, దాని ముళ్లకి భయపడి అటు ఎవరూ నడవరు. ఇంకో రెండు నీళ్లు జాడించి ఆరేశాను. ఆ ఎండకి పావుగంటలో ఆరింది. ఇస్త్రీ కూడా చేశాను.

నాలుగున్నరకి ఫాదర్ వచ్చారు. మడత విప్పి చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది ఉతికావా?"

"అవును ఫాదర్. మరక పూర్తిగా పోలేదు, కానీ..."

ఆయన పక్కనున్న రేషన్ పెట్టె మీద కూర్చుండిపోయారు. అలాగే కూర్చుని చెప్పారు. ఆ చిన్నాన్న పూజ చేసుకునే బట్ట అది. ఆయన్ని నది ఒడ్డున కాల్చాక, పన్నెండేళ్ల పిల్ల దాన్ని ఆయన గుండెకి అదిమిపెట్టింది. తర్వాత దాన్ని పొట్టన కట్టుకుని నది దాటింది. అప్పటి నుంచీ ఎవరూ దానికి నీళ్లు తగలనివ్వలేదు. శనివారం విచారణ ఫాదర్‌కి చూపించాల్సింది ఆ నెత్తుటి మరకనే.

"తప్పు నాది. ముందే చెప్పాల్సింది. నేనే వెళ్లి చెబుతాను," అన్నారు ఫాదర్.

సరే అనాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. ఆ సాయంత్రం రేషన్ ప్యాకెట్ చింపి మళ్లీ మూసేశాను. తినబుద్ధి కాలేదు. ఏడింటికి ఫాదర్ టెంట్‌కి వెళ్లి, "నేనే చెబుతాను," అన్నాను.

మర్నాడు ఆరున్నరకి బయలుదేరాం. రేడియోలో కంట్రోల్ అడిగింది. "ఫాదర్ టీమ్, పూజ తొమ్మిదికి కదా? ఇంత పొద్దున్నే ఏం పని? ఓవర్."

"సొంత పని. ఓవర్," అన్నాను.

వసారాలో హెల్మెట్ తీసి, నిలబడి, అంతా చెప్పాను. నీళ్లు, ఉప్పు, ఇస్త్రీ, ఏదీ దాచలేదు. అబ్వేలా బట్టని ఎండకెత్తి చూసింది. అరచేయంత మరక పల్చటి నీడలా మిగిలింది. ఆవిడ దాన్ని ఒళ్లో పరుచుకుంది.

"డెబ్బై ఏళ్లు మా అమ్మ దీన్ని పెట్టెలో దాచింది. సబ్బు చేత్తో ముట్టుకునేది కాదు," అంది. "నువ్వెవరివి దీన్ని ఉతకడానికి?"

క్షమించమన్నాను. ఆవిడ వినలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

ఉన్నట్టుండి అడిగింది. "ఆ నీళ్లు ఏం చేశావు?"

"చెట్టు మొదట్లో పోశాను."

"అబద్ధం. గొట్టంలోకి వదిలేసి ఉంటావు. అందరూ అంతేగా చేస్తారు."

"లేదమ్మా. మొదటి నీళ్లు నేల మీదే పొయ్యాలని నియమం."

"చూపించు."

పదకొండు మైళ్లు. ఆవిడ నా పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లో ఖాళీ కాఫీ డబ్బా, ఒక చెంచా. బేస్ వెనక ఆపి చెయ్యి పట్టుకుని దించబోతే విదిలించుకుంది. నిన్న పోసిన నీళ్లు. ఆ ఎండలో ఏం మిగులుతుంది?

ఉప్పు మిగిలింది. చెట్టు మొదట్లో, నీళ్లు ఎంత మేర పారాయో అంత మేరా నేల మీద తెల్లటి పొర కట్టి ఉంది. అబ్వేలా మెల్లగా మోకాళ్ల మీద కూర్చుంది. చెంచాతో కాదు, రెండు వేళ్లతో చిటికెడు మట్టి తీసింది. నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"ఉప్పే," అంది. "నిజమే చెప్పావు."

తర్వాత చెంచాతో ఆ తెల్లటి మట్టిని గీకి డబ్బాలోకి ఎత్తడం మొదలుపెట్టింది. నేను సాయం పట్టబోతే ఈసారి విదిలించలేదు. గీకుతూనే చెప్పింది. "ఆ రోజు ఒడ్డున ఇసుకంతా ఆయన నెత్తురుతో తడిసిపోయిందట. ఆ ఇసుక కొంచెమైనా తేలేకపోయానని అమ్మ చచ్చేదాకా ఏడ్చింది. చిన్నపిల్ల, ఎలా తెస్తుంది?"

తొమ్మిదింటికి అక్కడే, ఆ చెట్టు పక్కనే పూజ. అలవాటుగా వీపు తిప్పి నిలబడ్డాను.

శనివారం విచారణ ఫాదర్ వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద కళ్లద్దాలు. నన్ను గంటన్నర కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. ఏ వేళకి నానబెట్టావు? ఉప్పు ఎంత? నీళ్లు ఏ రంగుకి తిరిగాయి? అన్నీ రాసుకున్నాడు. మిగిలిన మరక పరీక్షకి సరిపోతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. చివర నా చేత సంతకం పెట్టించాడు. చర్చి వాళ్ల ఫైల్లో ఒక హతసాక్షి గురించి ఒక తెలుగువాడి వాంగ్మూలం ఉంది. అందులో మా అమ్మ చెప్పిన చిట్కా కూడా ఉంది.

నవంబరు ఆఖర్లో ఇంటికొచ్చాను. మంచు పడుతోంది. అమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఆ మరక పోయిందా నాన్నా?"

"పూర్తిగా పోలేదమ్మా."

"ఇంకో గంట నానబెట్టాల్సింది," అంది.

అప్పుడు నవ్వాను, తర్వాత లోపలికి వెళ్లి ఏడ్చాను. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. కిందటి క్రిస్మస్‌కి అబ్వేలా కార్డు పంపింది, డబ్బా బిషప్‌గారి ఆఫీసుకి ఇవ్వలేదట, తన మంచం పక్కనే పెట్టుకుందట. రోజూ అన్నంలో ఉప్పు కలుపుకునేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ముళ్లచెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని, నేను చెప్పింది నిజమో కాదో నాలుకతో చూస్తున్న ఆవిడ కనిపిస్తుంది.