చిత్తు పేజీ

1996 మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు నన్ను పుంగనూరులోని ఒక కేంద్రానికి ఇన్విజిలేటరుగా వేశారు. అప్పటికి మదనపల్లె దగ్గర ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. లెక్కల పరీక్ష రోజున లెక్కల మాస్టర్లను గదుల్లోకి పంపరు. అందుకే ఆ రోజు నాకు ప్రైవేటు అభ్యర్థుల గది వచ్చింది.

మూడో బెంచీలో రెడ్డెమ్మ కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. సదుం వైపు పల్లెలో అంగన్‌వాడీ ఆయా. భర్త పోయి రెండేళ్లయింది. ఆ అంగన్‌వాడీలోనే టీచరు పోస్టు ఖాళీ అయింది, పది పాసైతే తనకే ఇస్తామన్నారని హాల్‌టికెట్ చూసేటప్పుడు చెప్పింది. మిగతావన్నీ ముందే పాసైంది. మిగిలింది లెక్కలే.

ప్రశ్నపత్రం ఇచ్చిన పావుగంటకు చూస్తే ఆమె జవాబు పుస్తకం ఖాళీగా ఉంది. పెన్ను వేళ్ల మధ్య వణుకుతోంది.

"ఏమీ గుర్తొచ్చల్లేదు సార్. నిన్న చేసిన లెక్కలే ఇవి. లేచి పోతా సార్."

జవాబు గురించి మాట్లాడకూడదు కానీ ధైర్యం చెప్పొచ్చు. పెన్ను కింద పెట్టి నీళ్లు తాగమన్నాను. ప్రశ్నలన్నీ ఒకసారి చదివి, బాగా వచ్చినదాంతో మొదలుపెట్టమన్నాను. కాసేపటికి ఆమె రాయసాగింది. ఆ తరువాత తల ఎత్తలేదు.

రెండోసారి అటు వెళ్లినప్పుడు గమనించాను. ప్రతి లెక్కా ముందు చివరి పేజీలో 'చిత్తు పని' అని రాసుకున్న చోట పూర్తిగా చేసి, మళ్లీ ముందు పేజీల్లోకి గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాస్తోంది. కొట్టివేతలు ఉండకూడదని భయం కాబోలు. నేరుగా రాయమ్మా అని చెప్పడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. కుదురుకున్న మనిషిని మళ్లీ కదిలించడం దేనికని ఊరుకున్నాను.

చివరి గంట కొట్టేసరికి రెండు పెద్ద లెక్కలు చిత్తు పేజీలోనే ఉన్నాయి.

"ఆడ చేసేసినా సార్, సూడండి. ఎత్తి రాసేది ఒకటే బాకీ. రెండు నిమిషాలు సార్."

'చిత్తు పని' అన్న శీర్షిక కింద ఉన్నదాన్ని దిద్దేవాళ్లు లెక్కలోకి తీసుకోరని నాకు తెలుసు. గంట కొట్టాక ఎవరినీ రాయనివ్వకూడదు. పుస్తకం ఆమె చేతి కింద నుంచి తీసుకున్నాను. ఆమె అడ్డుపడలేదు.

ఫలితాలు వచ్చాక పుంగనూరు బస్టాండులో కనిపించింది. నాలుగు మార్కులు తక్కువయ్యాయట. పోస్టు వేరే ఊరి అమ్మాయికి వెళ్లింది. మళ్లీ రాయమన్నాను.

"ఇంగ యాల సార్, పోస్టే పాయె. మీరు చెప్పినాంకనే వణుకు నిలిచింది. మీ మేలు మరిచిపోను" అని దండం పెట్టి సదుం బస్సెక్కింది.

2003లో కుప్పంలో ఒక కేంద్రానికి చీఫ్ సూపరింటెండెంటుగా, అంటే పరీక్షల పూర్తి బాధ్యుడిగా, వెళ్లాను. ప్రతి గదిలో అరగంటకోసారి మిగిలిన సమయం బోర్డు మీద రాయించాను. లెక్కల రోజున, చిత్తులో చేసి ఎత్తి రాయొద్దని ముందే చెప్పమన్నాను. భయం తగ్గించడంతో ఇన్విజిలేటరు పని అయిపోదు. నెమ్మదిగా రాసేవాళ్లకు గంట కొట్టేలోపు పూర్తయ్యే దారి కూడా చెప్పాలి. అది చెప్పడానికి అర నిమిషం పడుతుంది. రెడ్డెమ్మకు నేను చెప్పలేదు.