పిండిమర కూలి

ఇంజనీరింగ్ సీటు వచ్చిన ఏడాది బ్యాంకు నాకు చదువు అప్పు ఇస్తానంది. నాన్న వద్దన్నాడు. మా ధర్మంలో వడ్డీ తీసుకోవడమే కాదు, కట్టడమూ నిషిద్ధం. అరకు సంతలో బట్టలు కుట్టి బతికే మనిషికి వడ్డీ లేని అప్పు ఎవరిస్తారు? నాన్న వెళ్లి సంత పక్కన పిండిమర నడిపే షావుకారుని అడిగాడు. ఆయనది సాలూరు, వ్యాపారానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

"వడ్డీ లేకండా ఇచ్చానని తెలిస్తే మా బావమరుదులు నన్ను పిచ్చాసుపత్రిలో ఏస్తారు సాయిబూ" అని నవ్వి, ఏడాదికోసారి ఫీజు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

నాన్న చెప్పిన అప్పు నియమాలను నేను నా అలవాటు ప్రకారం వరసపెట్టుకున్నాను. ఒకటి, కాగితం రాసి ఇద్దరు సాక్షుల్ని పెట్టుకోవాలి. రెండు, అప్పున్న మనిషి పోతే, ఆస్తి పంపకానికి ముందే అప్పు తీర్చాలి. మూడు, ఇచ్చినవాడికి అసలు తప్ప ఆ అప్పు వల్ల మరే లాభమూ చేరకూడదు. మూడోదాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను గానీ అర్థం చేసుకోలేదు.

రెండో ఏటి ఫీజు కట్టాల్సిన వారం అది. సంతరోజు. నేను వెళ్లేసరికి మర ఆగిపోయి ఉంది. చోడి, అదే రాగుల సంచులు మోసుకొచ్చిన కొండ ఆడవాళ్లు అరుగు నిండా కూర్చున్నారు.

"ఇంజనీరు బాబొచ్చాడు. బేగి సూడు బాబూ, సీకటడకండా కొండెక్కాల" అంది ఒకామె.

స్టార్టర్ విప్పాను. కాంటాక్టులు మాడిపోయాయి. షావుకారు దగ్గరున్న కొత్తవి రెండు వేసి, మిగతావి గీకి, రిలే సరిచేశాక మర తిరిగింది. షావుకారు ఇడ్లీలు తెప్పించాడు. సాయంత్రం నాన్నతో వస్తే కాగితం రాసుకుని ఫీజు ఇస్తానన్నాడు.

సంతలో నాన్నకి చెప్పాను. మిషను తొక్కడం ఆపేశాడు.

"కూలి ఎంతిచ్చాడు?"

"ఆయన దగ్గర కూలేంటి నాన్నా?"

"ఇదివరకెప్పుడైనా ఆయనకి ఊరికే పని చేశావా?"

"లేదు."

"అప్పిచ్చాడని ఇప్పుడు చేశావు. అది వడ్డీయే. పోయి బజారు రేటు ఎంతో అంతా తీసుకో. తగ్గిస్తే తగ్గినంతా వడ్డీయే."

"ఆయనకి కోపమొస్తే ఫీజు ఇవ్వడు. చదువు ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. ఇంట్లో రెండో మిషను ఖాళీగానే ఉంది."

నాకు ఆ రెండో మిషను మీద కూర్చునే ఉద్దేశం లేదు. నాన్న మాట దాటే ఉద్దేశమూ లేదు. మోటార్లు బాగుచేసే కొట్లో రేటు కనుక్కుని మరకి తిరిగి వెళ్లాను.

"షావుకారు గారూ, పొద్దుటి కూలి నూట ఇరవై."

"ఏటీ?"

మళ్లీ చెప్పాను.

"ఇడ్లీలు తిన్నప్పుడు గుర్తు రాలేదేట్రా కూలి? వేలకి వేలు ఊరికే ఇత్తంటే, నాకే బిల్లేత్తావా?"

"అందుకే అడుగుతున్నానండీ. మీరు అప్పు ఇవ్వకపోయుంటే ఊరికే చేసినా ఫర్వాలేదు."

నియమం వివరించాను. ఆయన తూకం రాయి పట్టుకుని అలాగే విన్నాడు.

"సరే, ఎనభై తీసుకో."

"తగ్గించకూడదండీ."

"ఓరి నీ అసాధ్యం కూలా! బేరం కూడా ఆడనివ్వదేట్రా మీ ధర్మం? సెప్పిన రేటుకి నానింతవరకూ ఒక్క వస్తువు కొన్లేదు."

అప్పుడు తెలిసింది, ఆయన బాధ కూలి గురించి కాదని. "నూట పది" అన్నాడు. నేను కదల్లేదు.

పిండి కోసం కూర్చున్నామె నవ్వింది. "ఇచ్చీ షావుకారూ. మాకాడ తూకంలో లాగినట్టు ఈ గుంటడికాడ లాగలేవు."

అరుగంతా ఘొల్లుమంది. షావుకారు ఆమె వైపు గుర్రుగా చూసి, గల్లాపెట్టె తెరిచి, నూట ఇరవై నా ముందు పెట్టాడు.

"మీ అయ్యని రమ్మను. సాక్షులు ఇద్దరు సాలరు, నలుగుర్ని తెమ్మను. మీతో యవ్వారం నాకే భయంగా ఉంది" అంటూ ఫీజు డబ్బు తీయడానికి లోపలి గదికి నడిచాడు.