రెక్క మీద దెబ్బ

విమానానికి ఎదురుగా నిలబడి దారి చూపాల్సిన మనిషి ఉన్నట్టుండి తన చోటు వదిలి పరుగెత్తాడు. పరుగెత్తింది వెనక్కి కాదు, విమానం వైపే. దాని ముక్కున ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది. తిరుగుతున్న ప్రొపెల్లర్ ఎండలో కంటికి ఆనదు. ముక్కు ముందు గాలి కాస్త మసకబారినట్టుంటుంది, అంతే. ఆ మసక అంచు పక్కనుంచి అతను నడుం వంచి దూసుకుపోయాడు. ఎడమ రెక్క కొసను చేరుకుని అరచేత్తో దాని మీద గట్టిగా ఒక్కటి చరిచాడు.

"హోల్డాన్!" అని అరిచాడు.

విమానం ఆగింది. ఆగిందని ముందు నాకు నమ్మకం కలగలేదు. ఇంజిన్ మోత కూడా అణిగి, ప్రొపెల్లర్ రెక్కలు ఒక్కొక్కటిగా కనిపించడం మొదలయ్యాకే అక్కడున్న వాళ్లం ఊపిరి తీసుకున్నాం. ఆ రెక్క కొసకూ, పక్కనే తాళ్లతో కట్టేసి ఉన్న మరో విమానం తోకకూ మధ్య ఎంత సందు మిగిలిందో నేనున్న చోటి నుంచి కనిపించలేదు. అసలు సందు ఉందో లేదో కూడా తెలియలేదు.

ఇది ఖతర్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ముందటి చలికాలంలో జరిగింది. నేనప్పుడు దోహాలో ఒక ఇంగ్లీషు పత్రిక డెస్కులో పనిచేస్తూ ఐన్ ఖాలిద్‌లో ఉండేవాణ్ణి. మా బిల్డింగులోనే కింది అంతస్తులో ఒక హైదరాబాదీ ఉండేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. విమానాలు నిలిపే చోట పనిచేసే వాళ్లకు సూపర్‌వైజరు. దోహాకు ఉత్తరాన సముద్రం వైపు ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. గల్ఫ్ దేశాల నుంచి సొంత విమానాలున్నవాళ్లు ఒక శుక్రవారం అక్కడికి ఎగిరొచ్చి, ఒకరి విమానాలు ఒకరు చూసుకుని, భోంచేసి, సాయంత్రానికి తిరిగి ఎగిరిపోతారు. "సెలవే కదా, రండి సాబ్, బిర్యానీ కూడా ఉంది" అని భాయ్ పిలిస్తే వెళ్లాను.

పెళ్లిరోజు ఫంక్షన్ హాల్ ముందు కార్లు పెట్టించడం చూసినవాళ్లకు అక్కడి పని కొంతవరకు అర్థమవుతుంది. కాకపోతే ఈ చిన్న విమానాలకు రివర్స్ గేరు ఉండదు. నడిపేవాడికి తన రెక్కలు ఎక్కడిదాకా ఉన్నాయో కూర్చున్న చోటి నుంచి సరిగా అంచనా అందదు. ముందు తిరిగే ప్రొపెల్లర్ తగిలితే మనిషి ప్రాణం పోతుంది. అందుకని నేల మీద విమానం మనిషి నడకను మించి కదలకూడదని నియమం. ఎదురుగా ఒకడు నారింజ రంగు కర్రలు రెండు పట్టుకుని సైగలు చేస్తాడు. ఇరుకు చోట్ల రెండు రెక్కల కొసలకూ ఒక్కో మనిషి నడుస్తాడు. ఎదుటివాడు కర్రలు రెండూ తల పైన అడ్డంగా పెడితే ఆగిపోవాలి. ఎదుటివాడు కనిపించకపోయినా ఆగిపోవాలి.

భాయ్ చేతికింద ఆ రోజు పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది ఒక కంపెనీ క్యాంపు నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు. స్టేడియం పనులు అయిపోవస్తున్నాయి. టోర్నమెంటుకు ఎయిర్‌పోర్టులో మనుషులు కావాలి. కంపెనీ కొందరికి శిక్షణ ఇప్పించి, వాళ్ల పనితనం చూడడానికి ఇక్కడికి పంపింది. పనికొస్తారనుకున్నవాళ్లు ఎయిర్‌పోర్టుకు వెళ్తారు. మిగతావాళ్ల వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. పరుగెత్తిన మనిషి వాళ్లలో ఒకడు. జగిత్యాల వైపువాడు. నలభై దాటి ఉంటాయి. ఇక్కడికి రాకముందు లారీ మీద క్లీనరు. ఇక్కడ సైటులో, వెనక్కి వచ్చే టిప్పర్లకు దారి చూపించేవాడు.

పొద్దున విమానాలు రావడం మొదలవకముందు భాయ్, అతను, నేను ముగ్గురం కరక్ చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం.

"సారు, మీరు పేపర్ల పని చేస్తరంట గద. ఈ కర్రలు పట్టుకున్న ఫోటో ఒకటి ఎయ్యుండ్రి" అన్నాడతను.

"అది ఇంగ్లీషు పేపరు. మీ ఊళ్లో ఎవరు చదువుతారు?"

"చదువుడెందుకు సారు, సూస్తె సాలు. మా బావ దుబాయ్ల విమానాలు నడుపుతున్నడని మా బామ్మర్ది ఊరంత చెప్పుకొచ్చిండు."

భాయ్ నవ్వాడు. "దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పొద్దారా?"

"చెప్పిన భాయ్. ఖతర్ దుబాయ్ల యాడికొస్తది అని అడిగిండు."

నవ్వు అయ్యాక అతను గ్లాసు పక్కన పెట్టి కర్రలు చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొక్క ఏడాది ఇక్కడ నిలబడగలిగితే బిడ్డ నర్సింగ్ చదువు అయిపోతుందని, ఇప్పుడు పంపిస్తే మధ్యలో ఆగుతుందని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. భాయ్ అతని భుజం తట్టి, "యల్లా, ఈ ఒక్కరోజు సాఫ్‌గా చెయ్యి, చాలు" అన్నాడు.

మొదటి గంట సాఫీగానే గడిచింది. ఆ తర్వాత గాల్లో విన్యాసాల ప్రదర్శన కోసం రన్‌వే మూసేస్తారన్న కబురు వచ్చింది. దాంతో ఆకాశంలో ఉన్నవాళ్లంతా ముందే దిగిపోవాలని ఒకరి వెనక ఒకరు దిగారు. రన్‌వే పక్క దారిలో విమానాలు వరస కట్టాయి. అన్నిటి ఇంజిన్లూ నడుస్తున్నాయి. వాటి వెనక లేచే ఇసుక కళ్లలో పడుతోంది. రేడియోలో ఎయిర్‌ఫీల్డ్ మేనేజర్ గొంతు త్వరగా కానివ్వమని మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఒక విమానం చక్రం తారు అంచు దాటి మెత్తటి ఇసుకలో దిగింది. దాన్ని తోయడానికి మనుషులు చాలలేదు. భాయ్ చేతికి అందినవాళ్లనల్లా అటు పంపాడు.

అప్పుడే ఆ తెల్ల విమానం వచ్చింది. రెక్కలు కిందికి, మనిషి ఛాతీ ఎత్తున ఉన్న రకం. నడుపుతున్నది యూరప్ వైపు పెద్దాయన. దానికి మిగిలిన చోటు రెండు విమానాల నడుమ ఇరుకు సందు. జగిత్యాల మనిషి వెనక్కి అడుగులేస్తూ రమ్మని కర్రలు ఊపుతున్నాడు. కుడి రెక్క దగ్గర ఒక మనిషి నడుస్తున్నాడు. ఎడమ రెక్క దగ్గర ఎవరూ లేరు. విమానం నడక కంటే వేగంగానే వస్తోందని నాకనిపించింది. పైలట్ కుడివైపు మనిషినే చూస్తున్నాడు. కర్రలు తల పైకి లేచి అడ్డం పడ్డాయి. విమానం వస్తూనే ఉంది. కర్రలు ఇంకోసారి గట్టిగా ఊగాయి. తర్వాత కిందపడ్డాయి. అతను పరుగెత్తాడు.

ఎందుకు చరిచాడని మన బస్సులెక్కినవాళ్లెవరూ అడగరు. ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. డ్రైవరు అద్దంలో చూడకపోతే క్లీనరు బాడీ మీద కొడతాడు. అతను ఏళ్లతరబడి చేసిన పని అదే. సైటులో టిప్పర్లనూ అట్లాగే ఆపాడు. శిక్షణలో నేర్పిన సైగ పనిచేయలేదనిపించిన క్షణంలో పాత పని చేతికి వచ్చింది.

కాసేపటికి మేనేజర్ పైలట్‌తో సహా అందర్నీ తన క్యాబిన్‌లోకి పిలిపించాడు. జగిత్యాల మనిషికి ఇంగ్లీషు రాదు. సూపర్‌వైజరు కూడా ఇందులో భాగమే కాబట్టి అతని అనువాదం వద్దన్నాడు మేనేజర్. తెలుగు వచ్చు కాబట్టి అనువాదానికి నన్ను కూర్చోమన్నాడు. ఏసీ చల్లగా ఉన్నా భాయ్ చొక్కా వీపున తడిసి అంటుకుపోయి ఉంది.

"నీ చోటు ఎందుకు వదిలావు?" ఇది మొదటి ప్రశ్న.

"ఆయన నా దిక్కు సూస్తలేడు సారు. రెండుసార్లు కర్రలు అడ్డం పెట్టిన. రెక్క తోక మీదికి వోతున్నది. ఇంకేం జెయ్యాలె? ఉరికి కొట్టిన."

"కొడితే ఆగుతుందని ఎవరు నేర్పారు?"

ఈ ప్రశ్న తెలుగులో చెప్పేసరికి అతను మేనేజర్ని వదిలి నావైపు వింతగా చూశాడు. "కొడితె ఆగదా సారు?"

బస్సుల సంగతి నేను నా మాటగా మేనేజర్‌కు వివరించాను. ఆయన ఓపికగానే విని పైలట్ వైపు తిరిగాడు. చప్పుడు తనకు వినపడనే లేదన్నాడు పైలట్. చెవులకు హెడ్‌సెట్ ఉంది, పైగా ఇంజిన్ మోత. ఎదుటి మనిషి కనిపించకుండా పోయాడు కాబట్టి నియమం ప్రకారం బ్రేకు వేశానన్నాడు. అడ్డంగా పెట్టిన కర్రలు చూశారా అంటే, చూడలేదన్నాడు. ఏమైనా రెక్కకు కావలసినంత చోటుంది, తగిలేది కాదు అన్నాడు.

అది అతనికి తెలుగులో చెప్పాను.

"ఆయన రెక్క కాడ లేడు సారు. నేనున్న" అన్నాడతను.

"ఎంత చోటు మిగిలింది?" మేనేజర్ ఇద్దర్నీ అడిగాడు. జగిత్యాల మనిషి నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి బెత్తెడు చూపించాడు. పైలట్ రెండు చేతులూ బారజాపాడు. కుడి రెక్క దగ్గర నడిచినవాడికి అవతలి వైపు కనిపించే వీల్లేదు.

మేనేజర్ భాయ్ వైపు చూశాడు. సందు కొలవకుండా విమానాన్ని ఎందుకు వెనక్కి తోయించావని అడిగాడు. వెనక వరసలో ఇంజిన్లన్నీ నడుస్తున్నాయి, అక్కడే ఉంచితే ఇంకోటి వచ్చి మీద పడేది అని భాయ్ ఇంగ్లీషులో చెప్పాడు. నిజమే. ఫోటో తీద్దామని కూడా ఎవరికీ తోచలేదు.

"ఎడమ రెక్క దగ్గరి మనిషి ఏమయ్యాడు?"

ఆ మనిషి తనంతట తానే వెళ్లాడని భాయ్ ఒక్క మాటంటే సరిపోయేది. కాదనడానికి అతనక్కడ లేడు. భాయ్‌కీ టోర్నమెంటు పని కావాలి, ఇంట్లో పిల్లలున్నారు. జగిత్యాల మనిషి తలవంచుకుని బూట్ల మీది ఇసుక చూసుకుంటున్నాడు. బయట ఇంకో విమానం గర్జించుకుంటూ పోయింది.

"మైనే భేజా, సర్" అన్నాడు భాయ్. తర్వాత ఇంగ్లీషులోనూ చెప్పాడు. "నేనే పంపాను."

మేనేజర్ తలూపాడు. తిరిగే ప్రొపెల్లర్ పక్కనుంచి పరుగెత్తిన మనిషిని ఆ రోజు మళ్లీ విమానాల దగ్గరికి రానివ్వనని, జరిగింది జరిగినట్టు కంపెనీకి తెలియజేస్తానని, నిర్ణయం వాళ్లదని చెప్పాడు.

బయటికి రాగానే భాయ్ అతని మీద విరుచుకుపడ్డాడు. "అరె హౌలే! పంకా తిరుగుతుంటె ముందలికెళ్లి ఉరుకుతవా? నీకేమన్న అయితె నీ బిడ్డకు ఏం చెప్పాలె నేను?"

"రెక్క ఇరుగుతె ఏం చెప్తుంటివి భాయ్?"

"రెక్కకు ఇన్సూరెన్స్ ఉంటది. ఇరుగుతె ఇంకోటి బిగిస్తరు. నీ తలకాయ ఇంకోటి యాడ దొరుకుతది?"

"వీసా క్యాన్సిల్ కొడతరా భాయ్?" అని అతను నెమ్మదిగా అడిగాడు.

"మాలూమ్ నై, తెల్వదు" అన్నాడు భాయ్. తన వాటర్ బాటిల్ మూత తీసి అతని చేతికిచ్చాడు.

సాయంత్రం దాకా అతను కంచె అవతల నీళ్ల పెట్టెల దగ్గర పనిచేశాడు. నారింజ కర్రలు వేరే మనిషి చేతికి వెళ్లాయి. విమానాలన్నీ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వెళ్లిపోయాయి.

కంపెనీ ఆఫీసు దోహాలోనే, వెస్ట్ బేలో. అక్కడి అధికారి ఏమన్నాడో కొన్ని వారాల తర్వాత భాయ్ చెబితే తెలిసింది. రెక్క నిజంగా తగిలేదే అయితే ప్రమాదం తప్పించాడనుకుని ఇంకో అవకాశం ఇవ్వొచ్చట. తగిలేది కాకపోతే మాత్రం కారణం లేకుండా ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి ఎయిర్‌పోర్టుకు పనికిరాడట. అందుకని ఎంత చోటు మిగిలిందో తేల్చమని మేనేజర్‌ను అడిగారు. మేనేజర్ ఇద్దరూ చెప్పింది రాసి పంపి, అంతకుమించి తన దగ్గర లేదన్నాడు.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం, క్యాంపుల కూలీలు సెలవు గడిపే ఏషియన్ టౌన్‌లో అతను కనిపించాడు. క్రికెట్ గ్రౌండ్ దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అతనితో శిక్షణ తీసుకున్నవాళ్లలో చాలామంది అప్పటికే ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేస్తున్నారు. కొందరు ఇంటికి వెళ్లిపోయారు. ఇతను క్యాంపులోనే ఉన్నాడు. డ్యూటీ లేదు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఏమన్లే సారు. ఇయ్యాల రేపు అంటున్నరు. మీరు సూసిన్రు గద, తాకేటిదా, కాదా?"

నేనున్న చోటి నుంచి ఆ సందు కనిపించలేదని ఉన్నమాటే చెప్పాను. అతను తలూపాడు. కోపం తెచ్చుకోలేదు. బిడ్డ పరీక్షలు దగ్గరపడ్డాయని చెప్పి, క్యాంపు బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయాడు.

టోర్నమెంటు మొదలవడానికి ముందే నేను దోహా వదిలి వచ్చేశాను. బయల్దేరే రోజు భాయ్‌ని అడిగాను. అప్పటికి అతన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకోలేదు, ఇంటికీ పంపలేదు. కంపెనీ అడిగిన కొలత ఇంకా ఎవరూ ఇవ్వలేదు.