ఇద్దరి కూరలో ఉప్పు

"వందమంది కూరకి నా చెయ్యి ఎప్పుడూ తప్పలేదమ్మాయ్. ఇద్దరి కూర దగ్గరే తప్పింది" అంది దేవమణి.

పక్కింటి జాయిస్ చాప మీద ఆమె పక్కన కూర్చుంది. పెరట్లో గుండిగలు ఉడుకుతున్నాయి. చనిపోయిన దేవమణి భర్త సొలొమోను పేరున మధ్యాహ్నం ఆదరణ కూడిక, ప్రార్థనయ్యాక భోజనాలు. వంటవాళ్లు కంచికచర్ల నుంచి వచ్చారు. తన ఇంట్లో పరాయివాళ్లు గరిటె తిప్పడం దేవమణి ఎన్నడూ చూడలేదు.

నందిగామ చుట్టుపక్కల పెళ్లయినా, చర్చి విందయినా ఆమె చేతివంటే. ప్రార్థన కాకముందు విందువంట నోట పెట్టకూడదని అత్తగారు నేర్పింది. అందుకని రుచి చూసేది కాదు. గుండిగ నిండుదనం చూసి దోసిలితో ఉప్పు వేసేది. ఇంట్లో చిన్నగిన్నెకు ఆ పట్టింపు లేదు. అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూసేది.

కిందటేడు నుంచి ఆ చుక్క చప్పగా తగలడం మొదలైంది. ప్యాకెట్ ఉప్పులో పస లేదని కొట్టువాణ్ణి తిట్టి, ఇంకో చిటికెడు వేసింది. ఆపైన ఇంకోటి. విందుల్లో జనం మారు అడిగి తింటుంటే తన నాలుక మీద అనుమానం ఎందుకొస్తుంది? అప్పటికీ చప్పగానే తగిలితే, సొలొమోనుకు బీపీ కదా, ఇలా ఉండటమే మంచిదనుకుంది. ఆయన చెంబుడు మజ్జిగ పోసుకుని తినేవాడు. ఎలా ఉందంటే బాగుందనేవాడు.

ఆయన పాదాలు ఉబ్బాయి. ఆయాసం పట్టింది. విజయవాడ ఆసుపత్రికి ఆమే క్యారేజీ మోసుకెళ్లింది. పక్కమంచం ముసలామెకు ఇంటినుంచి అన్నం రాకపోతే ఇంత పప్పన్నం పెట్టింది. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని కొంగులోకి ఉమ్మేసి, "ఏందమ్మా, ఉప్పు డబ్బాగానీ వొలికిందా?" అంది.

సొలొమోను గోడవైపు తిరిగాడు.

"ఎన్నాళ్ల నించయ్యా అని అడిగా. 'చెబితే ఇంక గరిటె పట్టవు గదే' అన్నాడు. ఆ వారం దాటలేదు" అంది దేవమణి.

ఆయన గుండె ముందునించీ బలహీనమేనని జాయిస్ అనబోయింది. దేవమణి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మాట డాక్టరూ చెప్పాడు, పాస్టరుగారూ చెప్పారు.

పెరట్లోంచి తాలింపు పొగ లోపలికొచ్చింది. జాయిస్ దగ్గింది. దేవమణికి కళ్లు మండాయిగాని వాసనేమీ తెలియలేదు.

"నువ్వెళ్లి ఆ పులుసు ఓ చుక్క నాలిక్కేసుకుని చూడమ్మా."

"ఇంకా ప్రార్థన కాలేదు గదత్తా."

"కాలేదు. అయినా చూడు. ఉప్పెక్కువైతే నీళ్లు పొయ్యమని చెప్పు. ఎవరన్నా అడిగితే దేవమణే చూడమందని చెప్పు."